మత్తు వేఱు, మందు వేఱు

గంజాయి పేరు వినినంతనే మన గృహస్థులు మొగము చిట్లింతురు. మేము వారిని తప్పుపట్టము; ఆ మత్తున చెడిన కుటుంబములు కొల్లలు. కాని మత్తు వేఱు, మందు వేఱు. 1839లో కలకత్తాలో ఓషానెస్సీ వైద్యుడు ధనుర్వాతమునందును, పసిబిడ్డ మూర్ఛయందును దీనిని వాడి చూచి, ఫలితములను ప్రకటించెను. 2018లో అమెరికా ప్రభుత్వము ఈ జాతి మొక్కనుండి తీసిన, మత్తు గొలుపని కాన్నబిడయాల్ అను ద్రవ్యమును రెండు విధములగు తీవ్రమూర్ఛలకు మందుగా నంగీకరించెను. మన 1985 నాటి శాసనమును వైద్యప్రయోజనములకు ద్వారము పూర్తిగా మూయలేదు.

ఇట్లుండగా మూర్ఛబిడ్డను ఒడిలో నుంచుకొనిన తల్లి, ఏది మందో, ఏది నేరమో, మోతాదెంతయో ఎవరినడుగవలెను? వైద్యుడు మౌనము వహించినచోట వర్తకుడు నోరు విప్పును. సర్వరోగనివారిణియని నూనెసీసాల నమ్మువాని మాటయే ఆమెకు శాస్త్రమగును. కాలేయమునకు కలుగగల హానిని, ఇతర మూర్ఛమందులతో కలిగెడి చిక్కులను అతడు చెప్పునా?

కావున వైద్యశాఖవారు ఈ మందులయందు రుజువైన గుణములను, దోషములను, శాసనపు హద్దులను తేటతెలుగున ముద్రించి, ప్రతి ప్రభుత్వాసుపత్రిలోను రోగుల కందుబాటున నుంచవలెనని కోరుచున్నాము. మత్తునకు జంకి మందును గూర్చిన సత్యమును దాచుట రోగికి ద్రోహము, దొంగవర్తకునికి మేలు.