ఇనుపరేణువులు, విషజలము

గంగాతీర మండలములందు గొట్టపుబావుల నీట ఆర్సెనిక్ అను విషము గలదు. లీటరు నీట నది 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ విధించినది. వంగ, బీహారు దేశముల పల్లెప్రజలు గత్యంతరములేక అంతకుమించినదానినే త్రాగుచున్నారు.

12 నానోమీటర్ల ఇనుపభస్మ రేణువులు ఈ విషమును తమకంటించుకొనుననియు, పిదప వానిని చేతి అయస్కాంతముతో నీటినుండి లాగివేయవచ్చుననియు 2006లో అమెరికాయందలి రైస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మీటరున నూఱుకోట్లవ భాగమే నానోమీటరు.

ఇట్టి రేణువులను జేయు మార్గములలో నొకటి, ఇనుప లవణద్రవమున క్షారమును జేర్చి కాచుట. పొయ్యిమీద పాత్ర యంచు ముందుగా కాగును. రేణువులు పెద్దవియు జిన్నవియు కలగలుపగును. మైక్రోవేవు తరంగములు నీటి యణువులనే కదలించి ద్రవమును లోలోపలనే వేడిచేయును. గంటలపని నిమిషములలో ముగియును. రేణువులును ఇంచుమించు సమపరిమాణముతో నేర్పడును.

ఇందులకు మేము సంతసించుచున్నాము. కాని బావినీటిలోని ఫాస్ఫేటు ఈ రేణువులకు అడ్డుపడును, దానికేమి యుపాయము? విషమును పట్టిన రేణువుల నెచ్చట దాచుదురు? పల్లెలో నీటిని పరీక్షించువా రెవ్వరు? రేణువుల తయారీకి ధనమిచ్చు ప్రభుత్వములు ఈ ప్రశ్నల పరిష్కారమునకును ధనమీయవలెను. పరిశోధనాలయములకు వెచ్చించునది ప్రజల సొమ్ము. దాని ఫలము బావిగట్టునకు జేరువఱకు ప్రజాప్రతినిధులు ఈ లెక్క నడుగుచుండవలెనని మా విజ్ఞప్తి.