వసతి గృహం ఊరి బయట వద్దు, మన వీధుల మధ్యే కట్టండి

ధర్మపురి పట్టణంలోని తెలుగు కుటుంబాలకు, వార్డు కౌన్సిలర్లకు, మునిసిపల్ కమిషనర్ గారికి విన్నపం

ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు మునిసిపాలిటీ ఒక కొత్త వసతి గృహం కట్టాలంటే కాదనేవాళ్లు ఈ ఊళ్లో లేరు. మీ వీధిలో కడతామంటే మాత్రం ఔననేవాళ్లు కనపడరు. "హైవే పక్కన అంత పోరంబోకు ఉంది కదా, అక్కడ కట్టుకోమనండి" అనే మాట మర్యాదస్తుల నోటే వస్తుంది. ఆ మాటకు జవాబు చెప్పడానికే ఈ కరపత్రం వేశాం.

అక్కడ కడితే ఎవరు వెళ్తారు? హోటల్లో గిన్నెలు తోమేవాడికి పని అయ్యేసరికి రాత్రి పదకొండు. సంతలో మూటలు దించేవాడు కోడికూతకు ముందే అక్కడ ఉండాలి, లేకపోతే ఆ రోజు కూలి మరొకడికి పోతుంది. ఆ వేళల్లో టౌను బస్సు ఉండదు. ఆటోకు ఇచ్చే డబ్బుంటే వాడు అరుగు మీద ఎందుకు పడుకుంటాడు? ఊరి బయట కట్టిన గృహం సగం ఖాళీగా ఉంటుంది. రెండేళ్ల తర్వాత "చూశారా, కట్టినా రారు" అని దానికి తాళం వేస్తారు. డబ్బూ పోతుంది, అరుగుల మీద మనుషులూ అలాగే ఉంటారు.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది: వసతి గృహం నిరాశ్రయులు ఎక్కువగా ఉండే చోటికి, వాళ్లు పని చేసుకునే చోటికి దగ్గరగా, అంటే రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దాపున ఉండాలి. లక్ష జనాభాకు వంద మందికి చోటు, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగులు అని కొలత కూడా ఇచ్చారు. 2011 లెక్కల్లో మన మునిసిపాలిటీ జనాభా 68,619. అంటే ఆనాటి జనానికే సుమారు డెబ్బై మందికి చోటు కావాలి. మేం అడిగేది యాభై మందికి ఒక గృహం, ఆడవాళ్లకూ పిల్లలకూ విడిగా ఇరవై మందికి మరొకటి. యాభై మందికి 2,500 చదరపు అడుగులు చాలు. ఒక మామూలు కల్యాణ మండపంలో భోజనాల హాలంత. దీనికి ఊరి బయట ఎకరాలు వెతకడం దేనికి?

అసలు వీళ్లెవరు? "ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పడతారు" అంటారు. రానివ్వండి. పాలక్కోడు, పెన్నాగరం, హరూరు పల్లెల నుంచి మనవాళ్లు బెంగళూరు కట్టడాల పనికీ, తిరుప్పూరు బనియన్ కంపెనీలకూ వెళ్లడం లేదా? అక్కడ సగం లేచిన మేడల కింద పడుకుంటున్న వాళ్లలో ఎవరింటి పిల్లలున్నారో మనకు తెలియదా? 2011 జనాభా లెక్కలు దేశంలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేలకు పైనే అన్నాయి. అందులో తొమ్మిది లక్షల పైచిలుకు పట్టణాల్లోనే ఉన్నారు. ఈ లెక్క కోసం ఎన్యూమరేటర్లు రాత్రిపూట ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు, ఫ్లైఓవర్ల అడుగులు, తూముగొట్టాలు తిరిగారు. వాళ్ల చూపు పడనివాళ్లు ఎంతమందో అనుకోవాల్సిందే.

ఇంకొక జాతి నిరాశ్రయులున్నారు, వాళ్లను మనం ఆ పేరుతో పిలవం. 2008లో మెడికల్ కాలేజీ వచ్చాక పల్లెల వాళ్లకు పెద్ద జబ్బంటే మన పెద్దాసుపత్రే దిక్కు. మంచం మీద రోగి, ఆ రోగి కోసం వచ్చిన తల్లి ఎక్కడ? హైదరాబాదులో పెద్దాసుపత్రుల దగ్గర అక్కడి నగరపాలక సంస్థ ఇలాంటి బంధువుల కోసమే రాత్రి వసతి గృహాలు కట్టింది. మన గృహంలోనూ పది పడకలు వాళ్లకు విడిచిపెడితే, వసతి గృహమంటే ఎవరో దొంగలూ తాగుబోతులూ ఉండే చోటు అనే అనుమానం సగం దానంతటదే పోతుంది.

మిగతా సగం అనుమానాన్ని కొట్టిపారేయం. వీధిలో ఆడపిల్లలున్నారు, రాత్రి తాగి వచ్చి గొడవ చేస్తే ఎవరికి చెప్పుకోవాలి అని ఒక అమ్మ అడిగితే, "మానవత్వం లేదా" అని ఎదురడగడం జవాబు కాదు. జవాబు ఏమిటంటే, ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాలి. వచ్చిన ప్రతివాళ్ల పేరూ రిజిస్టరులో ఎక్కాలి. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే కట్టడం ఉండకూడదు. బీటు పోలీసు సంతకం పెట్టే పుస్తకం గుమ్మం దగ్గరే ఉండాలి. బాధ్యుడి ఫోను నంబరు గోడ మీద పెద్దక్షరాల్లో ఉండాలి. అన్నిటికీ మించి ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఈ మనుషులను వసతి గృహం మన వీధికి కొత్తగా తీసుకురాదు. ఇప్పటికే వాళ్లు మన కొట్ల ముందు, మన బస్టాండులో, ఏ రిజిస్టరూ ఏ కాపలాదారూ లేకుండా రాత్రి గడుపుతున్నారు. భయమే అసలు కారణమైతే, భయపడాల్సింది ఇప్పుడున్న పద్ధతికి.

రెండు విషయాల్లో మాత్రం మునిసిపాలిటీని ముందే హెచ్చరిస్తున్నాం. ఇది బందీఖానా కాకూడదు. 2017 నవంబరులో హైదరాబాదుకు విదేశీ అతిథులు వస్తున్నారని బిచ్చగాళ్లను వీధుల నుంచి ఏరి చర్లపల్లి జైలు ఆవరణకు తరలించారు. అతిథులు చూసింది శుభ్రమైన రోడ్లు, అంతే. మన గృహం తలుపు లోపలికి ఎంత తేలిగ్గా తెరుచుకుంటుందో బయటికీ అంతే తేలిగ్గా తెరుచుకోవాలి. రెండోది, కట్టి ఎవరికో అప్పగించి చేతులు దులుపుకోకూడదు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, అడిగే నాథుడు లేని ఒక ప్రైవేటు ఆశ్రమంలో, గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో కాలిపోయారు. మతిస్థిమితం లేనివాళ్లు ఇక్కడికీ వస్తారు. వాళ్లను గదిలో పెట్టి గొళ్లెం వేయడం కాదు, మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగానికి చూపించాలి. ఈ పని ఎలా చేయాలో చెప్పేవాళ్లు మన రాష్ట్రంలోనే, చెన్నైలో 'ది బానియన్' సంస్థలో, 1993 నుంచి ఉన్నారు.

ఇక డబ్బు. పైన చెప్పిన మిషన్ యాభై మంది గృహం నడపడానికి ఏడాదికి 6 లక్షలు అనుకుంది. మనిషికి రోజుకు 33 రూపాయలు. దానితో కాపలా, ఊడ్పు, కరెంటు, నీళ్లు గడవవు. కాబట్టి కట్టడానికి గ్రాంటు తెచ్చామని చప్పట్లు కొట్టించుకునే ముందు, నడపడానికి ఏటా మునిసిపల్ బడ్జెట్‌లో విడి పద్దు పెట్టండి. సుప్రీంకోర్టు ఈ విషయంలో 2010 నుంచి రాష్ట్రాలను తరుముతూనే ఉంది. 2017లో రాష్ట్రానికొక కమిటీ వేయమని కూడా ఆదేశించింది. కమిటీలు కాగితాల మీద తిరిగినంత వేగంగా దుప్పట్లు తిరగవు.

మన తెలుగువాళ్లకు ఒక్క మాట. ఈ తమిళదేశానికి మన పూర్వులు ఉత్త చేతులతో వచ్చి ఎవరో ఒకరి అరుగు మీద తల దాచుకున్నవాళ్లే. మదురైని పాలించిన తెలుగు నాయక వంశపు రాణి మంగమ్మ పేరు చెప్పుకుని గర్వపడతాం. ఆమె పేరున్న సత్రం ఇప్పటికీ మదురై రైల్వే స్టేషను ఎదురుగానే ఉంది, ఊరికి మూడు మైళ్ల అవతల లేదు. అదియమాన్ ఏలిన ఊరి వాళ్లం కూడా కాబట్టి, దానగుణం గురించి మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. స్థలం చూపిస్తే చాలు.

మా డిమాండు ఇది. బస్టాండుకూ పెద్దాసుపత్రికీ నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఇళ్ల మధ్య, మునిసిపాలిటీ సొంత స్థలమో వాడకుండా పడి ఉన్న కట్టడమో ఎంచి కౌన్సిలులో తీర్మానం చేయాలి. ఎక్కడ కట్టాలన్నది వార్డువారీగా ఓటింగుకు పెట్టకండి. పెడితే ప్రతి వార్డూ పక్క వార్డునే చూపిస్తుంది. ఎలా నడపాలన్నది మాత్రం ఆ వీధివాళ్లతో కూర్చునే తేల్చండి. నిర్వహణ కమిటీలో వీధి నుంచి ముగ్గురు ఉండాలి, అందులో ఒకరైనా ఆడమనిషి కావాలి. గృహంలో ఉండేవాళ్ల తరఫున ఇద్దరు ఉండాలి. మూడు నెలలకోసారి లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాలి.

వచ్చే సోమవారం కలెక్టరేటులో అర్జీల రోజున ఈ డిమాండుతో వెళ్తున్నాం. సంతకం పెట్టేవాళ్లు ఉదయం తొమ్మిదిన్నరకు గేటు దగ్గరికి రండి. వద్దనేవాళ్లూ రండి. మీ అభ్యంతరం కాగితం మీద రాసి తీసుకురండి. రెండు అర్జీలూ ఒకే బల్ల మీద పెడదాం, జవాబు అధికారులనే రాతపూర్వకంగా ఇమ్మందాం.

ఇట్లు,
ధర్మపురి పట్టణ తెలుగు నివాసులు కొందరు