బల్ల దగ్గర కూర్చున్నాం, గెట్టు దగ్గరికి పోలేదు

తరిగొప్పుల చుట్టుపక్కల సంఘాల్లో ఎవరు ఆరాధనకు రావడం మానేశారో మాకు తెలుసు. ఎవరికి ఎవరి మీద మనసు విరిగిందో కూడా తెలుసు. తెలిసీ ఊరుకున్నాం. ఇది పాస్టర్లదో, కొత్తగా వచ్చినవాళ్లదో తప్పని నెట్టేయలేను, సంఘమంతా కలిసి చేసిన తప్పు.

ఒక సంఘంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. పత్తిచేన్ల మధ్య గెట్టు దగ్గర మొదలైన పంచాయితీ ఠాణా దాకా పోయింది. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల సంస్కారానికి అన్న ముందు వరుసలో, తమ్ముడు వెనక కిటికీ పక్కన కూర్చుంటారు. రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసులు ఇద్దరి దగ్గరికీ పోతాయి. ఇద్దరూ తల వంచి తీసుకుంటారు. ఆరాధన అయ్యాక అన్న బయటికొచ్చి అందరికీ వందనాలు చెప్తాడు, తమ్ముడు కనబడగానే చెప్పులు వెతుక్కుంటాడు. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు పోయి సహోదరుడితో సమాధానపడమని ప్రభువు కొండమీద చెప్పిన మాట మాలో చదువు రానివాళ్లకూ నోటికొచ్చు. అయినా పళ్లెం పట్టుకున్న పెద్దలం ఆ ఇద్దరి ముందు ఒక్కసారీ ఆగలేదు. కదిలిస్తే సంఘం రెండుగా చీలుతుందని భయపడ్డాం, అప్పటికి అది ఒక్కటిగా ఉన్నట్టు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను బండిలో పడుకున్నచోటే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ ఆ హంతకులను క్షమించానని చెప్పి, కొన్నేండ్లు అక్కడే ఉండి కుష్ఠురోగుల సేవ సాగించింది. ఆమె సాక్ష్యం మేం చెప్పని కూడిక లేదు. వింటూ ఏడ్చాం కూడా. ఇంటికొచ్చి మూరెడు నేల దగ్గర పాత కోపాన్నే మళ్లీ పట్టుకున్నాం.

మా పక్క జిల్లా మహబూబాబాద్‌లోని డోర్నకల్‌కు 1912లో వేదనాయగం అజరయ్య బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేండ్ల ముందు ఎడింబరో ప్రపంచ మిషనరీ సభలో పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు స్నేహితులు కావాలని వాళ్ల ముఖం మీదే అడిగాడు. తెల్లవాళ్లను ఆయన అడిగిన ఆ స్నేహాన్ని మాల, మాదిగ విశ్వాసులం ఒకరికొకరం ఇచ్చుకోలేదు. 1994లో ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ కోసం మాదిగ దండోరా మోగింది. వాటా అడగడం న్యాయమే, దాని మీద వాదించుకోవడంలోనూ పాపం లేదు. కానీ ఆ పోరును గుడి లోపలికి తెచ్చుకున్నాం. కొత్త పాస్టరు వస్తే ఆయన కులం ముందు అడిగి, ప్రసంగం తర్వాత విన్నాం. పిల్లల పెండ్లి మాట వచ్చినప్పుడు బాప్తిస్మం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంకొకటి ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది. బోరు ఎండిపోయి, పత్తి పోయి, మిత్తి పెరిగిపోయిన ఒక రైతు శుక్రవారం ఉపవాస ప్రార్థనకొచ్చి అందరి ముందు నిలబడ్డాడు. మేం తల మీద చేతులుంచి గట్టిగా ప్రార్థించాం. దేవుడు చూసుకుంటాడు, విశ్వాసం విడిచిపెట్టకు అన్నాం. అప్పు ఎంత అని ఒక్కరం కూడా అడగలేదు. సంఘం పేరు మీద గుడి స్లాబు కోసం కూడబెట్టిన డబ్బు అప్పటికి బ్యాంకులోనే ఉంది. మిత్తి లేకుండా చేబదులిచ్చినా ఆ ఏడు గట్టెక్కేవాడు. చివరికి భూమి కౌలుకిచ్చి హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి పోయాడు. ఆయన విశ్వాసం చల్లారిందని మాలో మేం అనుకున్నాం కూడా! దేవుడి మీద ఆయన పెట్టుకున్న నమ్మకానికి సాయం చేయాల్సిన చేతులు మావే, వాటిని తల మీద నుంచి తీసి జేబులో పెట్టుకున్నాం.

సంస్కారానికి ముందు శనివారం పెద్దలం కలిసి ఆ అన్నదమ్ముల ఇండ్లకు పోదామని సంఘం మీటింగులో ఇప్పటికీ ఎవ్వరూ ప్రతిపాదించలేదు. వాచ్‌మన్‌గా పోయిన ఆయన ఫోన్ నంబరు మాలో చాలామంది దగ్గరుంది. ఎవ్వరం చేయలేదు.