మూలమలుపున సైకిలు



ఈ మాసమున బియ్యమునకు పురుగు పట్టకుండ దాచు విధమును గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నాము; మన్నింపుడు. ఇంట జరిగిన యొక సంగతి మా కలమును వేఱొక త్రోవకు మరల్చినది.

మా మరిదిగారి కుమార్తె చదువు నిమిత్తము మా యింట నున్నది. తొమ్మిదవ తరగతి. వారి పల్లె అడవి నానుకొని యున్నది. అచట పైతరగతుల బడి లేదు. మా యింటినుండి బడి మూడు కిలోమీటర్లకు తక్కువ లేదు. ఆటోలలో పిల్లలను మిరప బస్తాలో కాయలను తొక్కినట్లు కుక్కుట చూచి మనసొప్పక, నిరుడు బడులు తెఱచిన వారముననే ఆ పిల్లకొక సైకిలు కొనిపెట్టితిమి.

మణుగూరు ఎట్టి యూరో ఎఱుగని వారికి రెండు మాటలు చెప్పవలెను. మాది బొగ్గు ఊరు. సింగరేణి గనులు ఇచట నున్నవి. ప్రక్కనున్న అశ్వాపురమున భారజల కర్మాగారమున్నది. ఇటీవల 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రము గూడ వెలసినది. ఒకనాడు ఎడ్లబండ్లును, ఇప్పపూవు ఏరుకొను కోయ స్త్రీలును నడచిన త్రోవలలో నేడు పది, పండ్రెండు చక్రముల లారీలు రేయింబవళ్ళు నడచుచున్నవి. ఆ త్రోవలనే పిల్లలు బడికి పోవలెను.

కావున సైకిలుతోపాటు ఒక నియమమును గూడ మేమే యిచ్చితిమి. సందు రోడ్డును కలియు ప్రతి మూలయందును పూర్తిగా ఆగవలెను. కాలు నేల కానవలెను. కుడి యెడమలు చూచిన పిదపనే కదలవలెను. తప్పినచో సైకిలు వారము దినములు తాళము. పిల్ల వినయము గలది. చెప్పినట్లే చేయుచుండెను.

కార్తీకమాసపు ఒకనాటి ఉదయము, మంచు ఇంకను విడువలేదు. సందు మొగలో ఒక లారీ పెద్ద రోడ్డెక్కుటకై నిలిచియుండెను. మా పిల్ల వచ్చి దాని యెడమ ప్రక్కన, ముందు చక్రమునకు దాపుగా ఆగి, కాలు నేల కానించి, మేము నేర్పినట్లే కుడి యెడమలు చూచుచుండెను. లారీ యెడమకు మరలినది. ముందు భాగము రోడ్డెక్కినది గాని వెనుక చక్రములు మూలను కోసికొనుచు పిల్ల నిలిచిన చోటికే వచ్చినవి. సైకిలు విడిచి ప్రక్కనున్న కాలువలోనికి దుమికినది గనుక బ్రదికినది. సైకిలు ముందు చక్రము అప్పడమైనది. అన్నపు క్యారియరును అట్లే. మోకాలు చీరుకొనుట తప్ప దేవుని దయవలన మఱేమియు కాలేదు. ఆ లారీ యెవరిదో మే మెఱుగము; ఎఱిగినను ఇట వ్రాయము.

ఇల్లు చేరి ఆ పిల్ల యేడ్వలేదు. మా ముఖము చూచి, "నువ్వు చెప్పినట్టే ఆగాను గదా, పెద్దమ్మా!" అన్నది. ఆ మాట మాకు ఇప్పటికిని నిద్రలో వినబడుచున్నది.

ఆ సాయంకాలము ఇంట ఏమి జరిగియుండునో మీరే ఊహింపగలరు. మా అత్తగారు, "ఆడపిల్లకు సైకిలెందుకే అని నేనప్పుడే అన్నాను. రేపే అమ్మేయండి" అనిరి. మరిదిగారు టెలిఫోనులో, "చాలు వదినా, నేనొచ్చి పిల్లను తీసుకుపోతాను. పది చదవకపోతే ఏం మునిగింది?" అనిరి. మునుగునది ఏమియో మాకు తెలియును. సైకిలు పోయిన బడి పోవును. బడి పోయినచో రెండేండ్లలో పెండ్లి మాటలు వచ్చును. మా చిన్ననాట మా తండ్రిగారు అరుగుమీద కూర్చుండబెట్టి భారతము చెప్పిరి గనుక మాకు నాలుగక్షరములు వచ్చినవి. అట్టి తండ్రు లెందఱు?

బీహారులో 2006 మొదలు తొమ్మిదవ తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వమువారు సైకిళ్ళు ఇచ్చుచు వచ్చిరి. దాని ఫలమును పరిశీలించినవారు, ఉన్నత పాఠశాలలలో చేరిన బాలికల సంఖ్య నూటికి 32 వంతున పెరిగినదనియు, బడికి దూరమైన పల్లెలయందే ఆ మేలు అధికమనియు కనుగొనిరి. ఒక సైకిలును అమ్మివేయుట యనగా ఏమియో ఈ లెక్కను తిరుగవేసి చూచిన తెలియగలదు.

అందుచేత మాకు మొదట తీరవలసిన సందేహము ఇది: మా నియమమే తప్పా? సైకిలుపై పోవువారు ప్రతి మూలయందును పూర్తిగా ఆగవలెనా?

ఈ సంగతి మావారితో చర్చింపగా, ఉపాధ్యాయులు గదా, వెంటనే కాగితము తీసి లెక్క కట్టిరి. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు పూర్తిగా ఆగి మరల ఆ వేగమునే అందుకొనుటకు పడు శ్రమ, సైకిలుతో గూడ 88 సెంటిమీటర్లు, అనగా ఇంచుమించు 3 అడుగుల యరుగెక్కినంత శ్రమతో సమానమట. మా యింటికిని బడికిని నడుమ పదునొకండు మూలలు. పుస్తకముల సంచితో పోవునపుడు పదునొకండు అరుగులు, వచ్చునపుడు పదునొకండు! మోటారు బండి వానికి ఆగుట యనగా పాదమును ఒకమారు అదుముట; సైకిలువారికి అది తొడల బలము. నిజము చెప్పవలెనన్న, మా యూరి మగపిల్లలు ఏ మూలయందును ఆగుట మేము చూడలేదు. పాటింప శక్యముగాని నియమమును పదునొకండు చోట్ల పెట్టినచో, ప్రాణమునకు అవసరమైన రెండు మూడు చోట్ల గూడ దానిని లెక్కచేయరు.

ఈ సందేహము మాకే కలిగినది కాదనియు మావారి వలననే తెలిసినది. అమెరికాలో వీథి మూలలయందు "ఆగుము" అని వ్రాసిన ఎనిమిది కోణముల పలకలు విరివిగా నుండునట. ఆగుమను పలకలలో మొదటిదానిని 1915లో డెట్రాయిట్ నగరమున నిలిపిరి. అప్పుడది తెలుపు, ఎఱుపు 1954లో వచ్చినది. ఆ దేశమున ఐడహో యను రాష్ట్రమువారు 1982లో ఒక చట్టము చేసిరి. సైకిలువారు ఆ పలకను "దారి ఇమ్ము" అను పలకగా భావించుకొనవచ్చును. వేగము తగ్గించి, వచ్చువారికి దారి యిచ్చి, ఎవరును లేనిచో ఆగకయే సాగవచ్చును. ముప్పదియైదేండ్ల వఱకు మఱి యే రాష్ట్రమును వారి ననుసరింపలేదు. 2017లో డెలవేర్, 2019లో ఆర్కన్సా, 2020లో ఆరెగాన్, 2022లో కొలరాడో రాష్ట్రములు అనుసరించినవి. వీరిలో డెలవేర్‌వారి పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. చిన్న రోడ్డును కలియుచోట సైకిలువారు నెమ్మదించిన చాలును; రెండు వరుసలకు మించిన పెద్ద రోడ్డును కలియుచోట మాత్రము పూర్తిగా ఆగి తీరవలెను.

మన చట్టమున పరిస్థితి వేఱు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో పలకలకు లోబడుమని చెప్పు 119వ సెక్షను మోటారు బండి నడుపువానిని ఉద్దేశించినది. సైకిలు మోటారు బండి కాదు. పోలీసువారు చేయెత్తినచో ఎవరైనను ఆగవలసినదే యనుకొనుడు. మా ప్రాంతమున ఆ ఎఱ్ఱ పలక కనబడుటయే అరుదు. దాని పని స్పీడు బ్రేకరు చేయుచున్నది. దానిని గూడ తప్పించుకొని అంచున నున్న జానెడు ఖాళీలోనుండి సైకిళ్ళును మోటారు సైకిళ్ళును దూరుచుండును.

పూర్వులు దారి తగవును ఎఱుగనివారు కారు. బండిమీద వచ్చువానికి, తొంబదేండ్ల వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి దారి విడువవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. (చక్రము గలవానికి అని అచటి మాట. రెండు చక్రముల మా పిల్లకు గూడ అది వర్తించునని మేము వాదింపగలము గాని లారీకి సంస్కృతము రాదు.) అరణ్యపర్వమున అష్టావక్రుడు బాలుడై యుండియు దారి యెవరిదో చెప్పి జనకునంతవానిని ప్రక్కకు తొలగింపజేసెను. ఆ కథ విన్నపుడెల్ల మాకు ఉల్లాసము కలుగును.

ఆదిపర్వములోని కల్మాషపాదుని కథ అట్టిది కాదు. ఒక్కరు మాత్రమే పోదగిన యిఱుకు త్రోవలో ఆ రాజునకు వసిష్ఠపుత్రుడైన శక్తి యెదురుపడెను. తొలగుమని రాజు, బ్రాహ్మణునకు రాజే దారి యీయవలెనని శక్తి. రాజు కొరడాతో కొట్టెను. శక్తి రాక్షసుడవు కమ్మని శపించెను. ఆ రాక్షసుడు మొట్టమొదట భక్షించినది శక్తినే. దారి శక్తిదే, ధర్మము ఆయనదే. మా పిల్ల గూడ ధర్మము తప్పకయే నిలిచియుండెను గదా యని ఆ రాత్రి మాకు ఈ కథ పదే పదే తలపునకు వచ్చినది.

మావారి పూర్వవిద్యార్థి యొకడు లారీ నడుపుచున్నాడు. ఆదివారము నాడు అతనిని బ్రతిమాలి, ఖాళీ స్థలమున నిలిపియున్న లారీలో, ఇంజను ఆపి, తాళము తీసిన పిదప, మా పిల్లను నడుపువాని యాసనమున కూర్చుండబెట్టితిమి. మేము బాగుచేయించిన సైకిలును పట్టుకొని, ఆనాడు పిల్ల నిలిచిన చోటనే, లారీ యెడమ ముందు చక్రము దాపున నిలువబడితిమి. పైనుండి, "పెద్దమ్మా, ఎక్కడున్నావు?" అని కేక. మేము చేయెత్తితిమి. "కనబడటం లేదు!" అని మరల కేక. మన దేశమున నడుపువాడు కుడిప్రక్క, అంత యెత్తున కూర్చుండును. ఎడమప్రక్క తలుపు క్రింద నున్న మనిషి అతని కంట పడదు. అద్దములున్నను వానికి అందని చోటు కొంత మిగులును. వెనుకకు పది అడుగులు నడచి, లారీకి వెనుకగా కుడివైపునకు వచ్చి నిలిచితిమి. "ఇప్పుడు అద్దంలో కనబడుతున్నావు!" అన్నది.

ఆ పూర్వవిద్యార్థి చెప్పిన మఱియొక మాట: బండి యెంత పొడవైన, మలుపున వెనుక చక్రములు అంత లోపలికి కోయును. ముందు చక్రములు పోయిన జాడ చూచి ప్రక్కన స్థలమున్నదని నమ్మరాదు. ఈ మాట మేము పుస్తకములలో చదువలేదు. తల్లులలో ఎందఱికి తెలియునో మాకు సందేహము.

ఇప్పుడు మా యింటి నియమము మాఱినది. ఇంటికిని బడికిని నడుమ గల పదునొకండు మూలలను పిల్లతో గూడ నడచి చూచితిమి. ఎనిమిదింట, త్రోవ రెండువైపుల బాగుగ కనబడును. అచట నెమ్మదించి, బ్రేకుపై వ్రేళ్ళుంచి, ఎవరైన వచ్చుచుండిన ఆగి, లేకున్న సాగిపోవచ్చును. మూడింట సైకిలు దిగి నడిపించుకొని దాటవలెను. లారీ నిలిచియున్నచో అది ఎచటనైనను సరే, దాని ప్రక్కకు పోరాదు. వెనుక దూరముగా నిలిచి, అది పోయిన పిదపనే కదలవలెను. బడికి అయిదు నిమిషములు ఆలస్యమైన మేము చీటి వ్రాసి యిత్తుము.

రైలు దాటు చోటనైతే ఈ సడలింపు లేదు. 2014 జులై 24వ తేదీన మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటు దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొని పసిపిల్లలెందఱో పోయిరి. అట్టిచోట బండి నాపి, ఒకరు దిగి ముందు నడచి చూచి రావలెనని 131వ సెక్షను అంతకు పూర్వమే చెప్పుచుండెను. బ్రాడ్‌గేజి మార్గములలో కాపలా లేని గేట్లు 2019 జనవరి నాటికి తీసివేయబడినవి. కాపలా యున్న గేటు క్రింద సైకిలు వంచి దూరుట మాత్రము ఇంకను పోలేదు. ఆ పని చేసిన నాడు సైకిలు అమ్మివేయుదుమని చెప్పియున్నాము. ఈ బెదిరింపు ఒక్కటియే మిగుల్చుకొంటిమి.

హైదరాబాదున 2023 అక్టోబరులో వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు త్రోవ, పైన సూర్యకాంతితో విద్యుత్తు నిచ్చు పలకల నీడతో, తెఱచిరి. సంతోషమే. వ్యాయామము చేయువారికి ఎండ తగులకూడదు గదా. బొగ్గు ఊళ్ళలో బడికి పోవు పిల్లలకు నీడ వలదు. రోడ్డు ప్రక్కన నాలుగడుగుల మట్టి బాట చదును చేయించి, మూలలయందు అడ్డమైన తుప్పలు కొట్టించిన చాలునని పంచాయతీవారికి మేము నలువురు తల్లులము అర్జీ వ్రాసితిమి. జవాబు రాలేదు. మరల వ్రాయుదుము.

మరిదిగారు అన్నట్లే పిల్లను తీసికొనిపోవుటకు వచ్చిరి. మావారు వాదమునకు దిగక, ఆయనను గూడ ఆ లారీ యెక్కించిరి. క్రింద సైకిలు పట్టుకొని ఆయన కూతురే నిలిచినది. ఆయన చాలసేపు ఎడమ ప్రక్కకు వంగి వంగి చూచి, దిగి వచ్చి, ఏమియు మాటాడక టీ త్రాగిరి. పోవునపుడు మాత్రము, "సంక్రాంతికి వస్తాను వదినా. దానికి ఎర్ర రంగు చొక్కా ఏదైనా కొనండి, దూరానికి కనబడుతుంది" అని రెండువందల రూపాయలు మా చేతిలో పెట్టిరి.

అత్తగారు ఇంకను సమాధానపడలేదు. పిల్ల బయలుదేరునపుడు వాకిట నిలిచి, "మూడు చోట్ల దిగాలి, గుర్తుందా?" అని యడుగుదురు. సాయంకాలము నాలుగున్నర మొదలు మరల ఆ వాకిటనే.

బియ్యపు పురుగుల సంగతి వచ్చు మాసమున తప్పక వ్రాయుదుము.