పులి బొమ్మ వెనుక పూచీ

వ్యాపార సంస్థలు జంతు చిహ్నాలను ధరించడం కొత్త కాదు. సింహం, డేగ, చిరుత అంటూ బలాన్నీ వేగాన్నీ చాటుకోవాలన్న ఉబలాటమే తప్ప, ఆ జంతువుకూ తాము చేసే పనికీ ఉన్న పొత్తు ఏమిటన్న విచారణ మాత్రం అరుదు. ఈ విషయంలో భారతీయ రిజర్వు బ్యాంకు పులి పుట్టిన వైనం తెలుసుకోదగ్గది.

1935 ఏప్రిల్ 1న పని ప్రారంభించిన రిజర్వు బ్యాంకు అప్పట్లో 5 కోట్ల రూపాయల మూలధనం గల వాటాదారుల సంస్థ. జాతీయం అయింది 1949లో. ముద్రను నిర్ణయించవలసి వచ్చినప్పుడు దాని నిర్మాతలు ముందుగా జంతువు కోసం వెదకలేదు. బ్యాంకు ఎలాంటిదో తేల్చుకున్నారు. ప్రభుత్వంతో దానికి గల సంబంధం కనిపించాలి, అయితే మరీ అంటకాగినట్లు ఉండరాదు. భారతీయత ఉండాలి, ఆడంబరం కూడదు. ఈస్టిండియా కంపెనీ డబుల్ మొహరు నాణెంపై ఉన్న సింహం, తాళవృక్షం వారికి నమూనా అయ్యాయి. మన దేశానికి పులే తగిన ప్రతీక అని భావించి, సింహాన్ని తొలగించి దానిని నిలిపారు.

అంతటితో పని ముగియలేదు. 1935 ఫిబ్రవరిలో ముద్రను ఆమోదించిన బోర్డుకే అందులోని పులి రూపం నచ్చలేదు. డిప్యూటీ గవర్నరు సర్ జేమ్స్ టేలర్ కలకత్తాలోని బెల్వెడేర్ సింహద్వారంపై ఉన్న పులి విగ్రహాన్ని ఫొటో తీయించి, కొత్త చిత్రాలు గీయించారు. (సింహద్వారం మీద పులి ఉండటం తెలుగువారికి వింతే!) 1938లో వచ్చిన ఒక నమూనాలో చెట్టు కుదిరినా పులి ఏదో జాతి కుక్కలా ఉందని, గిట్టనివారు ఎగతాళి చేస్తారని ఆయన బెంగపడ్డారు. అప్పటికి ఆయన గవర్నరు కూడా. చివరకు పాత ముద్రను మార్చలేదు. మెరుగుపడిన చిత్రం నోట్లమీదికీ చెక్కులమీదికీ ఎక్కింది.

బొమ్మ కోసం ఇంత శ్రమా అని నేటివారికి తోచవచ్చు. కానీ ప్రభుత్వానికి దగ్గరగా, అయినా కొంత ఎడంగా అన్న ఆనాటి షరతు ఇప్పటికీ తేలని వ్యవహారమే. నిధులపైనా అధికారాలపైనా కేంద్రంతో పేచీ సాగుతుండగా ఉర్జిత్ పటేల్ 2018 డిసెంబరులో, వ్యక్తిగత కారణాలు చూపి, గవర్నరు పదవి వీడినప్పుడు చర్చకు వచ్చింది అదే షరతు.

దక్షిణాఫ్రికా నుంచి తిరిగివచ్చిన నారణ్‌దాస్ దేశాయ్ 1919లో అహమ్మదాబాదులో పెట్టిన తేయాకు వ్యాపారానిది మరో తీరు. 1934 నాటి దాని 'వాఘ్ బక్రీ' గుర్తులో పులి, మేక ఒకే కప్పులో టీ తాగుతుంటాయి. ఎక్కువ తక్కువలు లేవని చెప్పడం దాని ఉద్దేశం. అంటరానితనం రాజ్యమేలుతున్న రోజుల్లో ఒకే కప్పు అనడం చిన్న సాహసం కాదు.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్న బాపతు కూడా లేకపోలేదు. లకుముకి పిట్ట గంటల తరబడి కదలక కూర్చుని, గురి కుదిరాకే నీటిలోకి దూకుతుంది. దాని పేరును బీరు వ్యాపారం నుంచి అరువు తెచ్చుకొని 2005లో ఎగిరిన కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్‌కు అలాంటి నిదానం లేకపోయింది. నష్టాల్లో ఉన్న ఎయిర్ డెక్కన్‌ను చేజిక్కించుకొని ఆ భారమూ నెత్తికెత్తుకుంది. ఏ ఏడాదీ లాభం కళ్లజూడలేదు. 2012 అక్టోబరులో విమానాలు నిలిచిపోయే నాటికి సిబ్బందికి నెలల తరబడి జీతాలు లేవు. బ్యాంకుల బాకీ వడ్డీతో కలిసి తరువాతి ఏళ్లలో 9,000 కోట్ల రూపాయలు దాటింది. బీరు కంపెనీ 2021లో డచ్చి సంస్థ హైనెకెన్ అదుపులోకి వెళ్లినా, సీసాలపై పిట్ట మాత్రం అలాగే ఉంది.