మసీదు గోడ మీది హిసాబ్, అసెంబ్లీ కమిటీల హిసాబ్

మొన్న జుమా నమాజ్ అయ్యాక పలాసలో మసీదు గోడ మీద ఒక కాగితం అంటించారు. రంజాన్ చందా ఎంత జమ అయింది, ఇమాం సాబ్ జీతం ఎంత, ఇఫ్తార్ ఖర్జూరాలకు ఎంత, మోటారు రిపేరుకు ఎంత. నా పక్కనున్న జీడిపప్పు వ్యాపారి ఒకాయన దాని మీద వేలుపెట్టి, "మోటారుకి ఇంతెందుకయింది భయ్యా?" అని అడిగాడు. సదర్ సాబ్‌కి కోపం రాలేదు. లోపలికెళ్లి బిల్లు తెచ్చి చూపించారు. అమానత్ అంటే అదే కదా.

నాకు టెక్కలి గుర్తొచ్చింది. విలేకరిగా చేరిన కొత్తలో శాసనసభ కమిటీ ఒకటి అక్కడికొచ్చింది. ఏ కమిటీయో చెప్పను. ఉద్దానం నుంచి అర్జీలు పట్టుకుని వచ్చిన జనం పొద్దుట్నుంచీ చెట్టు కింద కూర్చున్నారు. సమీక్ష గంటసేపు, దావత్ రెండు గంటలు. ఆఖర్న అర్జీలు తీసుకున్నారు, ఫొటోలు దిగారు, కార్లు వెళ్లిపోయాయి. ఒక ముసలాయన నన్నడిగాడు: "బాబూ, ఈళ్లు మన కోసం వచ్చినారా, మనమే ఈళ్ల కోసం వచ్చినామా?"

ఆ రోజు ఖర్చు ఎవరిది? రాష్ట్ర బడ్జెట్లో గ్రాంట్ల డిమాండ్లలో మొట్టమొదటిది శాసనసభ, మండలిదే. స్పీకర్, ఛైర్మన్, వారి డిప్యూటీల జీతభత్యాలు రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం ఓటింగ్ లేకుండానే ఖజానా నుంచి వెళ్తాయి. మిగతాది, అంటే సభ్యుల భత్యాలు, సిబ్బంది జీతాలు, కమిటీల ప్రయాణ ఖర్చులు, సభ ఓటేసి మంజూరు చేసుకోవాలి. అడిగేదీ వాళ్లే, ఇచ్చేదీ వాళ్లే. కాగ్ ఆడిట్ ఉంది నిజమే. కానీ కాగ్ నివేదికను పరిశీలించే ప్రజాపద్దుల కమిటీ కూడా ఆ సభ బిడ్డే. ఇక ఊళ్లో జరిగే మెహమాన్‌నవాజీ సంగతి వేరు. ప్రోటోకాల్ ఖర్చులు తమ నెత్తిన పడుతున్నాయని రెవెన్యూ ఉద్యోగులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ డబ్బు ఏ పద్దులోనూ 'కమిటీ ఖర్చు' అని కనబడదు.

"ఆ భత్యాలు ఆపేస్తే సరి" అంటాడు మా మామూ. నేనొప్పుకోను. కమిటీల మీద పెట్టేది రాష్ట్ర బడ్జెట్ ముందు చిల్లర. నా ఫిర్యాదు ఖర్చు ఎక్కువైందని కాదు, తప్పుచోట అవుతోందని. ప్రజాపద్దుల కమిటీకి లెక్కలు విప్పి చెప్పడానికి అకౌంటెంట్ జనరల్ మనుషులుంటారు. మిగతా కమిటీలకు అంత మదత్ ఎవరిస్తారు? చదివి, లెక్కగట్టి, సవాళ్లు రాసిచ్చే సిబ్బంది లేనప్పుడు టూరే పని అయిపోతుంది. (ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులోకొచ్చి తొడగొట్టడం అయింది. మన సభలకి రెండో అర్థమే నచ్చినట్టుంది.)

అడిగే కుర్చీ ఎవరిదన్నదీ ముఖ్యమే. లోక్‌సభలో 1967 నుంచి ప్రజాపద్దుల కమిటీ ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం రివాజు. మన రాష్ట్రంలో 2019 తర్వాత ఆ కుర్చీలో ప్రతిపక్షం నుంచి పయ్యావుల కేశవ్ ఉన్నారు. 2021 జులైలో సుమారు 41 వేల కోట్ల చెల్లింపుల లెక్కలు సరిగా లేవని గవర్నర్ దాకా వెళ్లారు. 2024లో ఆయనే ఆర్థిక మంత్రి అయ్యారు. ఆ ఏడాది నవంబరులో జరిగిన కమిటీ ఎన్నికను 11 సీట్ల వైసీపీ బహిష్కరించింది. కుర్చీ కూటమిలోని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకి దక్కింది. వైసీపీకి బలం చాలలేదు, కాయిదా ప్రకారం తప్పు లేదు. కానీ సర్కారు జేబు సర్కారు మనిషే తడిమితే ఏం దొరుకుతుంది?

అమెరికా ప్రతినిధుల సభలో దాదాపు ప్రతి కమిటీ తన బడ్జెట్ పట్టుకుని ఇంకో కమిటీ ముందు హాజరై అడగాలి. సభ ఖర్చుల వివరాలు మూడు నెలలకోసారి అచ్చువేస్తారు, 2009 నుంచి ఇంటర్నెట్లోనూ పెడుతున్నారు. అక్కడ అంతా ఫరిష్తాలున్నారని కాదు. కాగితం గోడ మీద ఉంటే అడిగేవాడికి వేలుపెట్టే చోటుంటుంది.

ఇదంతా మనకెందుకంటారా? కిడ్నీ జబ్బు తినేస్తున్న ఉద్దానానికి 700 కోట్లతో హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఏ ఊరి కుళాయికి ఎన్ని రోజులు నీళ్లొస్తున్నాయి, ఆసుపత్రిలో ఎన్ని డాక్టరు పోస్టులు ఖాళీ? వీటిని కాగితాలు ముందేసుకుని అధికారుల్ని అడగగలిగేది కమిటీలే. మైనారిటీల సంక్షేమానికీ ఒక కమిటీ ఉంది. నాలా ఉర్దూ మీడియంలో చదివే పిల్లలకు ఉస్తాద్‌లు ఎంతమంది తక్కువ, వక్ఫ్ జమీన్ ఎవరి కబ్జాలో ఉంది అని అడగాల్సింది అదే. అది ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంది, ఎంత ఖర్చు పెట్టింది, ఎన్ని నివేదికలు సభ ముందుంచింది? మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా?

ప్రతిభా భారతి, తమ్మినేని సీతారాం ఇద్దరూ మా జిల్లా నుంచి స్పీకర్లయ్యారు. కమిటీలు నడిచేది స్పీకర్ అజమాయిషీలోనే. ఆ కుర్చీ నుంచి ఒక్క ఉత్తర్వు చాలు: ప్రతి టూరు ఖర్చు, దాని పక్కనే ఆ టూరు తర్వాత వచ్చిన నివేదిక, నెలలోపు అసెంబ్లీ వెబ్‌సైట్లో, ఆ ఊరి తహసీల్దార్ ఆఫీసు బోర్డు మీద. 2005 సమాచార హక్కు చట్టం శాసనసభకూ వర్తిస్తుంది. సభా హక్కుల పేరుతో కొన్ని కాగితాలు ఆపొచ్చేమో గానీ, భోజనాల బిల్లు సభా హక్కు ఎలా అవుతుంది?

ఈ వారం నేను దరఖాస్తు పెడుతున్నాను. రుసుము పది రూపాయలు. గత ఐదేళ్లలో శ్రీకాకుళం జిల్లాకొచ్చిన కమిటీలు, తేదీలు, ఖర్చు, నివేదికలు. జవాబొస్తే ఇక్కడే పెడతాను, మీరూ వేలుపెట్టి అడగండి.