ఓక్ కాదు... బాదం నాటండి!

అక్టోబరు రాగానే అమెరికాలోని పిల్లలు ఎర్రబారిన ఓక్ చెట్ల ఫొటోలు పంపుతుంటారు. ‘మనింటి ముందూ ఒకటుంటే!’ అనిపిస్తుంది జనగామలోని అమ్మానాన్నలకు. కానీ ఆ ఓక్‌కి గడ్డకట్టే చలికాలం కావాలి. 40 డిగ్రీలు దాటే మన ఎండలకు అది నిలదొక్కుకోవడం కష్టం.

మరి సరదా తీరేదెలా? మనకు బాదం ఉందిగా! అదే, బళ్లో పిల్లలు రాళ్లతో కాయలు పగలగొట్టి పప్పు తినే చెట్టు. చలికాలం చివర్లో, రాలేముందు దాని ఆకులు ఎర్రగా మారతాయి. ఓక్‌లోనూ, ఇందులోనూ ఎరుపుకి కారణం ఒకటే... ఆంథోసయనిన్.

తొలకరి పడ్డాక రెండడుగుల గొయ్యి తీసి, పశువుల ఎరువు కలిపిన మట్టి నింపి నాటండి. నీళ్లు నిలిచే చోటు వద్దు. మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పోయడం మరవద్దు. కొమ్మలు అంతస్తులుగా పరచుకుంటాయి కాబట్టి గోడకు 20 అడుగుల దూరమైనా ఉండాలి. అంత చోటు లేకుంటే నాటకండి. ఏపుగా పెరిగాక కొట్టేయాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. రాలిన ఆకుల్ని కాల్చకుండా గుంతలో వేస్తే ఎరువవుతుంది.

పెరడు లేదా? మాఘ, ఫాల్గుణాల్లో మహబూబాబాద్, భూపాలపల్లి అడవి దారుల్లో వెళ్లిచూడండి. ఆకు రాల్చిన మోదుగులు పూలతో మండుతుంటాయి. ఆ ఫొటో అమెరికా పంపండి. ఈసారి కుళ్లుకోవడం పిల్లల వంతు!